మా వాడితో కొండలెక్కిన మిత్రులకు

తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ,

పోయిన కార్తీకంలో రెండో ఆదివారం మీరు పదకొండు మందీ మా తమ్ముణ్ణి కొండకు తీసుకెళ్ళారు.

చూశారా, మొదటి వాక్యంలోనే తప్పు. మీరు తీసుకెళ్ళలేదు. వాడే మిమ్మల్ని తీసుకెళ్ళాడు. దారి వెతికింది వాడు. ఉసిరిచెట్టు ఎక్కడుందో ముందువారమే వెళ్ళి చూసొచ్చింది వాడు. వనభోజనంలో పులిహోర కలపడానికి ఊరినుంచి అమ్మ చేత చింతపండు పంపించుకున్నదీ వాడే. అయినా ఏడాది పొడుగునా మా ఇంట్లో నలుగురు కూచున్నప్పుడల్లా "వాళ్ళు తీసకపోయినారు" అనే మాటే నడిచింది. నేనూ అన్నాను. ఒకటికి నాలుగుసార్లు అన్నాను. ముందు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మీలో ముగ్గురి నంబర్లే నా దగ్గరున్నాయి. ఫోన్ చేస్తే సరిపోయేదే. కానీ ఇంకో మూడు వారాల్లో వాడి సంవత్సరీకం. ఆ ఆదివారం తర్వాత మీరు ఒక్క కొండా ఎక్కలేదని, గ్రూపే మూసేశారని మీలో ఒకమ్మాయి చెప్పింది. అది విన్నాక ఇది మీకొక్కరికే చెప్పే మాట కాదనిపించింది. హైదరాబాద్‌లో, విశాఖలో, తిరుపతిలో, బెంగళూరులోని మన తెలుగు పిల్లల్లో, శనివారం రాత్రి బ్యాగు సర్దుకుని ఆదివారం తెల్లారక ముందే అడవి దారి పట్టే బృందాలు ఎన్నో ఉన్నాయి. వాళ్ళూ చదవాలి. అందుకే బహిరంగంగా రాస్తున్నాను. వాడి పేరు రాయడం లేదు. మీకు అక్కర్లేదు, మిగతావాళ్ళకు అవసరం లేదు.

వాడు కొండల మీద ఎలా ఉండేవాడో మీకు తెలుసు. ఇంట్లో ఎలా తయారయ్యాడో నేను చెబుతాను.

మాది సిద్ధవటం దగ్గర పల్లె. పెరట్లో నిలబడితే లంకమల కనిపిస్తుంది. మా నాయన ఆర్టీసీ డ్రైవరు, కడప–బద్వేలు రూటు. రాత్రి డ్యూటీ దిగొచ్చి అన్నం తింటూ ఆ రోజు దారిలో విన్న కబుర్లన్నీ చెప్పేవాడు. వాటిలో మా వాడికి పట్టుకున్నది ఒక్కటే: కలివికోడి. 1900 తర్వాత ఎవరికీ కనపడక, ఇక లేదనుకున్న పిట్ట 1986 జనవరిలో మా కొండల పక్కనే మళ్ళీ దొరికింది. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వెతుకుతుంటే పట్టుకొచ్చి చూపించింది ఒక ఊరి వేటగాడు. ఎనభై ఆరేళ్ళుగా లేదని పుస్తకాలు రాసుకున్న పిట్ట ఆయనకు తెలిసిన పిట్టే. రాత్రిపూట కలివి పొదల మధ్య పరిగెత్తుతుంది, అంతే. తర్వాత దానికోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. "పిట్ట కోసం కాలవనే మళ్ళించినారు రా!" అని నాయన అన్నప్పుడు మా వాడికి ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "పిట్ట కోసమా నాయనా?" అని మూడుసార్లు అడిగాడు.

అప్పట్నుంచి మొదలైంది. సాయంత్రం బడి నుంచి వచ్చి సంచి గిరాటేసి పొదల్లోకి. కలివికోడి ఎన్నడూ కనపడలేదు. కలివి పండ్లు మాత్రం తిని తిని నాలుక నల్లగా చేసుకొచ్చేవాడు. అమ్మ తిట్టేది. "కూలికి పోయినోళ్ళు గూడా ఆదివారం కాసేపు పండుకుంటారు, నువ్వు నాలుక్కే లేచ్చావు, నీకు యాడ ఉద్యోగం రా అది?" హైదరాబాద్‌లో నిజమైన ఉద్యోగం వచ్చాక కూడా అదే తిట్టు, ఫోన్లో.

వాడికున్న పిచ్చి పిట్టలు కాదు, చెట్లు కాదు. పేర్లు. "పేరు తెలీకుండా చూసింది చూడటం కాదక్కా, దాన్ని దాటి పోవడం" అనేవాడు. ఒకసారి తోక రెండు పాయలుగా చీలిన నల్లపిట్ట కరెంటు తీగ మీద కూచుంటే నేను కాకిపిల్ల అన్నాను. ఏట్రింతను కాకి అన్నందుకు ఒక పూటంతా నాతో మాట్లాడలేదు. వాడి నోటుబుక్కులు పదకొండు ఇప్పుడు నా దగ్గరున్నాయి. ప్రతి చెట్టుకూ మూడు పేర్లు: పుస్తకంలోది ఒకటి, మా ఊళ్ళోది ఒకటి, ఆ అడవిలో గొర్రెల కాపరో చెంచు పెద్దాయనో చెప్పింది ఇంకొకటి. మూడో పేరు దొరక్కపోతే ఆ గీత ఖాళీగా వదిలేసేవాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు అడిగి నింపేవాడు.

2024 మార్చిలో పాపికొండల అడవిలో నల్లమద్ది కాండం మీద గాటు పెడితే నీళ్ళు ధారగా దూకిన వీడియో అందరి ఫోన్లలో తిరిగింది, గుర్తుందా? మా స్టాఫ్‌రూములో అందరం నోళ్ళు తెరుచుకు చూశాం. వాడికి పంపితే ఒక్క లైను వచ్చింది: "కొండరెడ్లకు అది వింత కాదక్కా, బిందె."

మీరంతా వాణ్ణి "పిట్టలోడా" అని పిలిచేవాళ్ళని ఆ అమ్మాయి చెప్పింది. ఆ పేరు వాడికి నచ్చి ఉంటుంది.

ఇక ఆ ఆదివారం. మీలో ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. ఒకరి ప్రకారం వాడు నడుస్తూ నడుస్తూ కూలబడ్డాడు. ఇంకొకరి ప్రకారం ముందు బండ మీద కూచుని, కాసేపటికి పక్కకు ఒరిగాడు. మూడో ఆమె చెప్పింది నన్ను ఇప్పటికీ వదలదు: పైన గిరికీలు కొడుతున్న పిట్టను చూసి ఎవరో గద్ద అన్నారట. "గద్ద కాదు, అది..." అని వాడు వేలు పైకెత్తాడట. మాట పూర్తి కాలేదు. ఈ మూడిట్లో ఏది నిజమో నాకు తెలీదు. అలాంటి నిమిషాన్ని ముగ్గురు ఒకేలా చూడలేరు.

ఆ తర్వాతి సంగతి మాత్రం ముగ్గురూ ఒకేలా చెప్పారు. పడగానే కాళ్ళూ చేతులూ రెండు మూడుసార్లు కొట్టుకున్నాయి. "ఫిట్స్!" అని ఎవరో అరిచారు. వెంటనే ఒకరు జేబులోంచి బండి తాళాల గుత్తి తీసి వాడి కుడి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసి పట్టుకున్నారు. వంటకు తెచ్చిన ఉల్లిపాయ పగలగొట్టి ముక్కు దగ్గర పెట్టారు. మొహాన నీళ్ళు చల్లారు. ఇద్దరు అరికాళ్ళు రుద్దారు. కొట్టుకోవడం ఆగింది. గుర్రు... గుర్రు... అని మధ్యమధ్యలో ఆగి ఆగి ఊపిరి. "ఊపిరాడుతోంది, తేరుకుంటాడు" అనుకున్నారు. నాలుగైదు నిమిషాలకు ఆ గుర్రు కూడా ఆగింది. సిగ్నల్ కోసం ఇద్దరు కిందికి పరిగెత్తారు. 108 కలిసింది. ఏ మండలం, ఏ ఊరు అని అడిగితే చెప్పలేకపోయారు. అంబులెన్సు కొండ కిందికి చేరేసరికి యాభై నిమిషాలు.

ఇందులో మీరు చెయ్యనిది ఏదీ లేదు. మీకు తెలిసినవన్నీ చేశారు. మన ఊళ్ళలో పుట్టిన ఎవరైనా అవే చేస్తారు, నేనైనా తాళాలే వెతికేదాన్ని. కానీ అది ఫిట్స్ కాదు. పేరు తప్పు.

పోస్టుమార్టం రిపోర్టు వచ్చాక నేను ఒక గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి చదివించుకున్నాను. ఆయన తొందరపడకుండా గంటసేపు చెప్పారు. మా వాడి గుండె ఎడమ గది గోడ సెంటీమీటరు మందం ఉండాల్సింది రెండు సెంటీమీటర్లు దాటి ఉంది. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి. గుండె కండరం పుట్టుకతో వచ్చిన జన్యులోపం వల్ల మందంగా పెరగడం. అరుదైన జబ్బేమీ కాదట, సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది. చాలామంది హాయిగా ముసలివాళ్ళవుతారు. కొద్దిమందిలో మాత్రం ఆ మందమైన కండరంలో కరెంటు దారి తప్పుతుంది. గుండె కొట్టుకోవడం మానేసి వణకడం మొదలుపెడుతుంది. వణికే గుండె నుంచి రక్తం బయటికి పోదు. మెదడుకు రక్తం ఆగిన కొన్ని సెకన్లకే మనిషి పడిపోతాడు. అప్పుడు కాళ్ళూ చేతులూ కొట్టుకోవచ్చు, అచ్చం ఫిట్స్ లాగే. ఆ గుర్రు కూడా ఊపిరి కాదు. రక్తం అందని మెదడు అడుగు భాగం వేసే ఆఖరి ఎగబోతలు. చూసేవాళ్ళకు నిద్రలో గురకలా ఉంటుంది.

గుండెపోటు అని మనం అనేది వేరు. అది నెత్తురు గొట్టం పూడుకుపోవడం. ఛాతీలో నొప్పి, చెమటలు, చాలాసార్లు మనిషి మాట్లాడుతూనే ఉంటాడు, ఆసుపత్రికి తీసుకెళ్ళే సమయం ఉంటుంది. ఇది గుండె ఆగిపోవడం. ఇక్కడ గంటలు ఉండవు. ఛాతీ మీద ఎవరూ నొక్కకపోతే గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది వంతులు పడిపోతుంది.

నేను బయాలజీ టీచర్ని. జిల్లా పరిషత్ హైస్కూల్లో పన్నెండేళ్ళుగా పదో తరగతికి గుండె పాఠం చెబుతున్నాను. నల్లబల్ల మీద నాలుగు గదులు, ఎర్ర చాక్‌పీసుతో మంచి రక్తం, నీలం చాక్‌పీసుతో చెడు రక్తం. బొమ్మ బాగా వేస్తానని పేరుంది నాకు. పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న. ఆ గుండె ఆగితే ఏం చెయ్యాలో పన్నెండేళ్ళలో ఒక్క పిల్లకు ఒక్కసారి చెప్పలేదు. నాకే తెలీదు. కాబట్టి ఇక్కడ ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పుకునే పని లేదు.

డాక్టరు ఇంకో ప్రశ్న అడిగారు. "మీ కుటుంబంలో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా చనిపోయారా? ఈ అబ్బాయి ఎప్పుడైనా పరిగెత్తుతూ కళ్ళు తిరిగి పడ్డాడా?" రెండూ అవుననే చెప్పాల్సి వచ్చింది.

మా చిన్నాయన ముప్పై నాలుగేళ్ళకు చేలో గడ్డిమోపు ఎత్తుతూ పడిపోయాడు. నా చిన్నతనంలో. పాము కరిచిందన్నారు. కాటు కనపడకపోయేసరికి గాలి సోకిందన్నారు. ఆ చేనుగట్టు మీద ఇప్పటికీ మిట్టమధ్యాహ్నం ఎవరూ నడవరు. ఇక మా వాడు. పదో తరగతిలో జోనల్ ఆటల పోటీల్లో 800 మీటర్లు పరిగెత్తుతూ గీత దాటడానికి ఇరవై అడుగుల దూరంలో ముందుకు పడ్డాడు. అర నిమిషంలో తనే లేచాడు. ఎండదెబ్బ అన్నాం. ఉప్పేసి మజ్జిగ తాగించాం. పోటీ జరిగింది డిసెంబరులో, పొద్దున తొమ్మిదింటికి. డిసెంబరులో ఎండదెబ్బ ఏమిటని ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ తోచలేదు. బయాలజీలో డిగ్రీ ఉన్న నాకూ తోచలేదు.

గాలి, ఎండదెబ్బ, ఫిట్స్. రెండు తరాల్లో మూడు పేర్లు పెట్టాం, మూడూ తప్పే. ఏట్రింతను కాకి అన్నందుకు అలిగినవాడు!

ఈ జబ్బు తల్లిలోనో తండ్రిలోనో ఉంటే ఒక్కో బిడ్డకూ సగానికి సగం వచ్చే అవకాశం ఉంది. కాబట్టి మా నాయన, నేను, మా పెద్దవాడు, చిన్నాయన పిల్లలిద్దరూ ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్) తీయించుకున్నాం. నాకు లేదు. నాయనకు ఉంది. అరవై ఆరేళ్ళ మనిషి, ముప్పై ఏళ్ళు బస్సు తోలాడు, ఒక్కనాడు తల తిరగలేదు. చిన్నాయన కొడుక్కీ ఉంది. అతను ఇప్పుడు మందులు వాడుతున్నాడు. మళ్ళీ మళ్ళీ చూపించుకుంటున్నాడు. అవసరమైతే ఛాతీలో చిన్న పరికరం పెడతారట, గుండె లయ తప్పితే లోపలినుంచే షాకు ఇస్తుంది. అతనికి పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. మా వాడు పోతూ పోతూ అతనికి ఆ పేరు చెప్పి పోయాడనుకుంటాను. ఇలా అనుకోవడం నాకు ఓదార్పు కాదు, కానీ లెక్క అలాగే తేలుతోంది.

ఇప్పుడు మీ సంగతి.

మీరు కొండలెక్కడం ఆపెయ్యకండి. ఇది నేను మర్యాదకు చెప్పడం లేదు. మా వాడి గుండె బస్టాపులో ఆగి ఉండొచ్చు, ఆఫీసు లిఫ్టులో ఆగి ఉండొచ్చు, నిద్రలో ఆగి ఉండొచ్చు. కష్టపడి ఎక్కడం దాన్ని ఆ రోజుకు తెచ్చిందేమో, డాక్టరు ఆ మాట దాచలేదు. తెలిసి ఉంటే నిటారు కొండలు మాన్పించేవాళ్ళం. వాడు కోప్పడేవాడు. ఏ లంకమల అంచునో, ఏ చెరువు గట్టునో బైనాక్యులర్స్ పెట్టుకుని ఎనభై ఏళ్ళు పిట్టల్ని లెక్కపెట్టుకునేవాడు. అంటే తప్పు కొండది కాదు, తెలియకపోవడానిది. 2015లో మల్లి మస్తాన్‌బాబు ఆండీస్ పర్వతాల్లో పోయినప్పుడు మా నాయన పేపరు చూసి "ఏం పని నాయనా అంత దూరం పోయి" అన్నాడు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఏడు శిఖరాలూ ఎక్కిన మనిషి, నెల్లూరు జిల్లా పల్లెటూరివాడు. మా వాడు ఆ పేపరు ముక్క కత్తిరించి నోటుబుక్కు అట్టకు అంటించుకున్నాడు. ఇప్పుడు నాయన ఆ బుక్కు తీసి చూస్తుంటాడు, "ఏం పని" అనడం మానేశాడు.

కాబట్టి ఎక్కండి. కానీ ఎక్కేముందు ఒక పూట నాకివ్వండి.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ దగ్గర రోడ్డు మీద కుప్పకూలిన యువకుణ్ణి ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒకాయన ఛాతీ నొక్కి బతికించాడు. ఆ వీడియో మీరూ చూసే ఉంటారు, మా వాడు స్టేటస్ కూడా పెట్టాడు. 2021 జూన్‌లో యూరో కప్ మ్యాచ్‌లో డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ ఎవరూ గుద్దకుండానే గడ్డి మీద పడ్డాడు. మైదానంలోనే ఛాతీ నొక్కారు, షాకు ఇచ్చారు. తర్వాత అతను మళ్ళీ ఫుట్‌బాల్ ఆడాడు. ఇవి మనం చూసి, పక్కవాడికి పంపి, పక్కన పడేసిన వీడియోలు. కానిస్టేబుల్ వీడియో చూసినవాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో, ఆ ఆదివారం ఎంతమంది చేతులు కదిలాయో మీకే తెలుసు. చూస్తే రాదది. ఈత లాంటిది. బొమ్మ మీద ఒకసారి నొక్కాలి, మోచేతులు నొప్పి పుట్టాలి, అప్పుడు చేతులకు గుర్తుంటుంది.

నేను నేర్చుకున్నాను. వేసవి సెలవుల్లో రెండు రోజులు. అందులో మీకు కావాల్సింది ఇంతే. మనిషి పడిపోతే భుజం తట్టి గట్టిగా పిలవండి. పలకలేదు, ఊపిరి మామూలుగా లేదు, అంటే అసలు లేకపోయినా, ఆగి ఆగి గుర్రుమంటున్నా సరే, గుండె ఆగిందనే అనుకోండి. వెల్లకిలా గట్టి నేల మీద పడుకోబెట్టి, పక్కన మోకాళ్ళ మీద కూచుని, రొమ్ము ఎముక కింది సగం మీద, ఛాతీ నడిమధ్యన అరచేతి మడమ పెట్టి, దానిమీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా, ఒంటి బరువంతా వేసి నొక్కాలి. రెండంగుళాల లోతు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. మా ఊళ్ళో ఇద్దరాడవాళ్ళు ఒకే రోట్లో రోకళ్ళు మార్చి మార్చి పోటు వేస్తుంటే ఇంచుమించు ఆ వేగం. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి, ఎందుకంటే ఎంత బలవంతుడికైనా అప్పటికి లోతు తగ్గిపోతుంది. మీరు పదకొండు మంది. ఎంత సేపైనా మార్చుకోగలిగేవాళ్ళు. పక్కటెముక విరుగుతుందేమోనన్న భయం అందరికీ ఉంటుంది. విరగొచ్చు. విరిగిన ఎముక అతుక్కుంటుంది.

నిజంగా ఫిట్సే అయితే? మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, నోట్లో ఏమీ కుక్కకుండా ఆగితే చాలు. ఇనుముతో దానికీ పని లేదు. తగ్గాక ఊపిరి మామూలుగా ఉందా లేదా అన్నదొక్కటే చూడాల్సింది. జలపాతాలకు వెళ్ళే బృందాలకు ఇంకో ముక్క: నీళ్ళలో మునిగినవాళ్ళకు ఛాతీ నొక్కడం ఒక్కటే చాలదు, ముందు నోటితో ఊపిరి ఊదాలి. అందుకే వీడియో చాలదు, నేర్పేవాళ్ళ దగ్గర నేర్చుకోండి అంటున్నాను.

ఏఈడీ అని షాకిచ్చే పెట్టె వస్తుంది. రెండు మూడు కిలోలు. తెరిస్తే అదే మాట్లాడుతుంది, అట్టముక్కలు ఎక్కడ అంటించాలో చెబుతుంది. అవసరం లేకపోతే షాకు తనే ఇవ్వదు. ఖరీదు లక్షకు అటూ ఇటూ. ఎక్కువే. మీలో ఒకరి కెమెరా లెన్సు అంతకంటే ఎక్కువని మా వాడే చెప్పాడు, తప్పుగా అనుకోవద్దు. నాలుగు బృందాలు కలిసి ఒకటి కొనుక్కుని ఆదివారాలు మార్చుకోవచ్చు. వణికే గుండెను దారిలో పెట్టేది ఆ షాకే. నొక్కడం దాన్ని అప్పటిదాకా నిలబెట్టి ఉంచడానికి.

బయల్దేరే ముందు మీ ఫారంలో బ్లడ్ గ్రూపు అడుగుతున్నారు, టీషర్టు సైజు అడుగుతున్నారు. ఇంకో రెండు ప్రశ్నలు కలపండి: పరిగెత్తుతూనో ఎక్కుతూనో ఎప్పుడైనా స్పృహ తప్పారా? మీ రక్తసంబంధీకుల్లో ఎవరైనా నలభై ఏళ్ళలోపు ఉన్నట్టుండి పోయారా? "అవును" అన్నవాళ్ళను వెనక్కి పంపమని కాదు. ఒక ఎకో తీయించుకుని రమ్మనండి. దాని ఖర్చు మంచి ట్రెక్కింగ్ బూట్ల జత కంటే ఎక్కువ కాదు. ఇంకా, ఎక్కే ముందు ఆ కొండ ఏ మండలం, ఏ ఊరి పొలిమేర అన్నది అందరూ నోటికి తెచ్చుకోండి. సిగ్నల్ చివరిసారి ఎక్కడ అందిందో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. మా వాడికి మాత్రం అది తెలిసే ఉంటుంది. 108 అడిగినప్పుడు చెప్పగలిగినవాడు అప్పటికే పడి ఉన్నాడు. తెలిసినవాడు ఒక్కడే అయితే జరిగేది అదే.

ఇవన్నీ చేసి ఉంటే వాడు బతికేవాడా? డాక్టర్ని నేను ఇదే అడిగాను. ఆయన చెప్పలేదు. కొండ మీద, పెట్టె లేకుండా, యాభై నిమిషాలు నొక్కుతూ ఉండటం చాలా కష్టం, ఎక్కువమంది బతకరు అన్నారు. "కొందరు బతుకుతారమ్మా" అని మాత్రం అన్నారు. ఆ "కొందరు" కోసమే ఈ ఉత్తరం.

మా బడిలో ఈ ఏడాది నుంచి గుండె పాఠం రెండు పీరియడ్లు. రెండో పీరియడు బల్లలు పక్కకు జరిపి నేల మీద. బొమ్మ కొనడానికి డబ్బు లేక గోనెసంచిలో వడ్లపొట్టు కుక్కి కుట్టాం. పదో తరగతి పిల్ల ఒకతె ఇంటికెళ్ళి వాళ్ళ తాతకు చూపించబోయిందట, ఆయన లేచి పరిగెత్తాడు. నవ్వొచ్చింది. ఏడాదిలో అదే మొదటిసారి అనుకుంటా.

సంవత్సరీకానికి మీరంతా రండి. అది శనివారం వచ్చింది, మధ్యాహ్నానికి అయిపోతుంది. ఆదివారం పొద్దున నాలుక్కి లేచి లంకమల అంచుదాకా నడుద్దాం, నిటారుగా లేదు, నాయన కూడా వస్తానంటున్నాడు. వాడి నోటుబుక్కులు తెస్తాను. ఖాళీగా వదిలిన మూడో పేర్లు నలభై ఏడున్నాయి, మేకలు తోలేవాళ్ళు కనపడితే అడుగుదాం. పైన తిరిగిన ఆ పిట్ట ఏమిటో మీలో ఎవరికైనా గుర్తొస్తే, దాని రెక్కలు, తోక ఎలా ఉన్నాయో చెప్పండి, నేను రాసుకుంటాను.

ఇంకొక్కటి. ఆసుపత్రిలో వాడి బట్టలు, గడియారం, ఫోనుతో పాటు ఒక తాళాల గుత్తి కూడా మాకిచ్చారు. చేతిలోంచి తీసినవి. వాడికి బండి లేదు, వాడివి కావు. ఎర్రదారంతో కట్టిన చిన్న విజిల్ ఉంది దానికి. ఎవరివో మీరు అడగలేదు, అడగలేకపోయి ఉంటారు. డూప్లికేటు తాళంతో ఇంటికెళ్ళి ఉంటారు. అమ్మ వాటిని తుడిచి దేవుడి గూట్లో పెట్టింది. ఇనుము ఏమీ చెయ్యదని నేను చెప్పాను. "చెయ్యకపోతే చెయ్యకపోనీ, ఆ బిడ్డ వాని చెయ్యి ఇడిసిపెట్టలా కదా" అంది. వచ్చి మీ తాళాలు తీసుకోండి. పొద్దుగూకినా సరే, అన్నం తినే పోవాలంట.

మీ
అక్క